నాయన తొందరపడిన చోటు

నంద్యాల,
18 జూన్ 2024

రంగా,

నీకు ఫోన్ చేస్తే కోమలవల్లి ఎత్తుతుంది. "ఆయన పక్కనే ఉండారన్నా, వింటాండారు, చెప్పండి" అంటుంది. నేను గోడకు చెప్పుకున్నట్టు నాలుగు మాటలు చెప్పి పెట్టేస్తాను. ఇది నాకేం నచ్చడం లేదు. ఆపరేషన్ చేసి నీ గొంతుపెట్టె తీసేసి తొమ్మిది నెలలయింది. తీసింది గొంతునే గాని చేతిని కాదు గదా. అందుకే ఈ ఉత్తరం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సుకు గంట, ఉత్తరానికి మూడు రోజులు పడుతుందట. పడనీ.

నా సంగతి చెప్తాను. కొట్టు మేడ మీద రవికె గుడ్డలు పెట్టే గది ఉండేది చూడు, అది ఖాళీ చేశాను. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. అందులో కూర్చుని పాటలు వినాలని నిలువు స్పీకర్లు రెండు తెప్పించాను. ఒక్కొక్కటి నా ఛాతీ దాకా వస్తుంది. ఇద్దరు పడితే గాని కదలదు. రేడియోలు, టేపులు బాగుచేసే సురేష్ వచ్చి తీగలు కలిపి పోయాడు.

ఉత్తరం గోడకు చెరో మూలన ఆనించి పెట్టాను. కొట్టులో బీరువాలు అట్లాగే పెడతాం, జానెడు జాగా కూడా వృథా పోకూడదు. మహానందమ్మ మెట్లెక్కి వచ్చి చూసింది. "ఈశాన్యం మూల బరువు పెడతాండావే, నీకేమన్నా బుద్ధుందా?" అంది. కుడిదాన్ని ఆ మూల నుంచి మూడడుగులు ఇవతలికి జరిపిస్తే గాని కదల్లేదు. ఎడమది మాత్రం మూలలోనే ఉంది. ఇప్పుడు ఏ పాట పెట్టినా పాడేవాళ్లందరూ ఆ ఎడమ మూలకు పోయి కూర్చుంటున్నారు. తబలా బొయ్యిమంటోంది. వాస్తు వదిలెయ్యమని సురేష్, సురేష్‌ని వదిలెయ్యమని మీ వదిన. నేను ఎవరిని వదలాలో నువ్వే చెప్పాలి. పందిట్లో నూరు మంది ఉన్నా శ్రుతి తప్పినవాడెవడో కళ్లు తెరవకుండా చెప్పేవాడివి. ఆ చెవి నాకు కావాలి.

ఇంకొకటి. పాశురాల పాఠం మళ్లీ ఎప్పుడు మొదలుపెడతావు? ఈ ధనుర్మాసంలో మీ గుడి గోష్ఠిలో నీ శిష్యుడు రామానుజం వరుసకు ముందు కూర్చోవాలని నువ్వే అన్నావు. ఆరు నెలలు కూడా లేదు.

నీ,
గురుప్రసాద్


ఆళ్లగడ్డ,
27 జూన్

గురుప్రసాద్‌కు,

ఉత్తరం అందింది. ఇంట్లో అన్నీ పలక మీద రాసి చెరిపేస్తున్నాను. కాగితం మీద రాసి చాలా రోజులైంది, అక్షరం బాగుండదు.

పాఠం లేదు. ఉగాది దాకా చేతి సైగలతో చెప్పి చూశాను. తర్వాత ముగ్గురినీ పంపించేశాను. పారాయణం నోటితో చెప్పి నోటితో చెప్పించుకునే విద్య. గొంతు లేనివాడు గురువుగా కూర్చుంటే పిల్లలు జాలి నేర్చుకుంటారు, పాశురం కాదు. రామానుజం తెలివైనవాడు, ఇంకొకరిని వెతుక్కుంటాడు. ఈ మాట ఇంక ఎత్తవద్దు.

నీ స్పీకర్ల సంగతి నాకు తెలియదు. ఒక్కటి చెప్పగలను. మా గోష్ఠిలో రెండు వరుసలు ఎదురెదురుగా కూర్చుంటాయి. సగం పాశురం ఈ వరుస, మిగతా సగం ఆ వరుస. ఎవరూ గోడకు వీపు ఆనించరు. ఆనిస్తే గోడ కూడా పాడడం మొదలుపెడుతుంది. మూలలో కూర్చుంటే రెండు గోడలు పాడతాయి. నీ ఎడమవాడి పక్కన ఇద్దరు వంతపాటగాళ్లున్నారు, కుడివాడి పక్కన ఒక్కడే ఉన్నాడు.

రంగనాథ్


నంద్యాల,
5 జూలై

రంగా,

నువ్వు ఎత్తవద్దన్న మాట ఎత్తడం లేదు. కాని నాకు కోపం వచ్చిందని మాత్రం రాసి పెడుతున్నాను.

గోడ సంగతి చెప్పావు చూడు, సురేష్ రెండు రోజులు తిరిగి చెప్పలేనిది నువ్వు రెండు ముక్కల్లో చెప్పావు. ఆ స్పీకర్ల వీపున అరచేతి వెడల్పున ఒక బొక్క ఉంది. గాలి అందులోంచి వస్తుంది. నేను దాన్ని గోడకేసి అదిమి పెట్టాను. మనిషి నోరు మూసి పాడమన్నట్టే ఉంది నా తెలివి.

వాస్తు తగువు కూడా తీరింది. స్పీకర్లు రెండింటినీ పడమటి గోడ వైపుకు మార్చాను. ఈశాన్యం నా వీపు వెనక ఖాళీగా ఉంది, మహానందమ్మ దానికి రోజూ ఒక చూపు చూసి తృప్తిపడి పోతోంది. అయితే పడమటి గోడకు పాత సరుకు పెట్టే ఇనుప ర్యాకు ఉండేది. దాన్ని ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. గుడ్డల వ్యాపారిని సరుకు తియ్యమంటే పన్ను పీకినట్టే. పీకాను. గోడకు రెండున్నర అడుగులు వదిలాను, రెంటి మధ్య ఆరడుగులు. బేతంచెర్ల నాపరాయి చెరొకటి కింద వేశాను. నా కుర్చీ ఏడడుగుల దూరంలో వేశాను. పాడేవాళ్లు మూల వదిలి మధ్యకు వచ్చారు. మీ వదినకు అల్వా తెచ్చి పెట్టాను.

ఇల్లలకగానే పండగ కాదు గదా. ఇప్పుడు ఇంకొక తంటా. గది గోడలు నున్నగా ఉన్నాయి, కింద నాపరాళ్లు. గొంతులు గాజుపెంకుల్లా గుచ్చుతున్నాయి. బట్ట వేస్తే తగ్గుతుందని సురేష్ అన్నాడు. బట్టకు కరువా నాకు? అమ్ముడుపోని తాన్లు, జంపఖానాలు, కోటు గుడ్డలు నాలుగు గోడలకూ పైదాకా వేలాడదీశాను. ఇప్పుడు లోపలికి పోతే చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది. పాటకు ప్రాణం లేదు. ఏం చెయ్యమంటావు?

గురు


ఆళ్లగడ్డ,
16 జూలై

గురూ,

నువ్వు కొట్టులో ఎప్పుడూ ఇంతే. ఒక చీర అడిగితే ఇరవై పరిచేవాడివి. బట్ట మందుగా వెయ్యాలి గాని అన్నంగా కాదు.

చప్పట్లు కొట్టి చూడు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా కొట్టు. శబ్దం టప్పున చచ్చిపోతే బట్ట ఎక్కువైంది. గోడలు నీకు తిరిగి చప్పట్లు కొడితే తక్కువైంది. చప్పుడు చిన్నగా తోక ఊపుకుంటూ పోవాలి. నేను నా మాట సరైనదో కాదో చూసుకోవడానికి మా ఇంట్లో ప్రతి గదిలో కొట్టి చూశాను. వంటింట్లో గోడలు వెంటనే తిరగబడతాయి. బియ్యం మూటలు పెట్టే గదిలో చచ్చిపోతుంది. ఎక్కడ సరిగ్గా ఉందో తెలుసా? మా నాయన పాఠం చెప్పిన వసారాలో. మూడువైపులా గోడ, ఒక పక్క తెరుపు, ఒక పక్క గోడకు చాపలు చుట్టి నిలబెట్టి ఉంటాయి. ఆయన ఆ చోటు ఎందుకు ఎంచుకున్నాడో యాభై తొమ్మిదేళ్లొచ్చాక తెలిసింది నాకు.

సగం బట్ట తీసెయ్. నీ కుర్చీ వెనక గోడకు మందంగా ఉంచు. పక్క గోడలకు శబ్దం ఎక్కడ తగిలి నీ దగ్గరకు వస్తుందో అక్కడ మాత్రమే వేలాడదియ్యి. ఆ చోటు ఎట్లా కనుక్కోవాలో ఆ సురేష్‌ను అడుగు, వాళ్లకేదో కిటుకు ఉంటుంది. తర్వాత స్పీకర్లను కొంచెం లోపలికి తిప్పు. వరుసలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నంత కాదు, ఓరగా చూసుకున్నంత. ప్రతిసారీ రెండు వేళ్ల మందమే జరుపు. ఒక పాటనే పెట్టు, పాట మార్చవద్దు. ఏం వినపడిందో రాయి. పొగడ్తలు రాయవద్దు.

రంగ


ఆళ్లగడ్డ,
20 జూలై

గురుప్రసాద్ అన్నకు కోమలవల్లి నమస్కారాలు.

ఆయన గుడి వెనక వీధికి పోయినప్పుడు ఇది రాస్తున్నాను. పోయినప్పుడు అన్నాను చూడండి, అదే మీకు చెప్పాలని. పది నెలలుగా గడప దాటని మనిషి మొన్న సాయంత్రం వీధి చివరి కల్యాణమంటపం దాకా పోయి, లోపల నిలబడి చప్పట్లు కొట్టి వచ్చారు. వాచ్‌మన్ శాంతయ్య మా ఇంటికొచ్చి, "సామికి ఏమైందమ్మా?" అని అడిగినాడు. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

ఆయన మీకు రాయనివి కొన్ని ఉన్నాయి. ఊపిరి మెడ దగ్గర చేసిన రంధ్రం నుంచే పోతుంది కాబట్టి ముక్కుకు వాసన తెలియడం లేదు. తులసి చేతిలో పెడితే చూసి పక్కన పెట్టేస్తారు. మెడ దగ్గర ఆనించి మాట్లాడే మిషన్ ఒకటి ఇచ్చారు. ఒక్కసారి పెట్టుకుని నా పేరు పిలిచారు. ఆ గొంతు విని ఆయనే భయపడి బీరువాలో పెట్టేశారు.

రామానుజం ప్రతి శనివారం వస్తాడు. ఆయన తలుపు తియ్యరు. నేను పెరటి వైపు పిలిచి కాఫీ ఇస్తాను. "ఇంకొకరి దగ్గరికి పోను అమ్మా" అంటాడు. ధనుర్మాసం లోపల ఆయన మనసు మారకపోతే ఈ ఇంటి పాఠం ఈ వసారాలోనే ఆగిపోతుంది. నా భయం అదే.

మీ స్పీకర్లు అప్పుడే బాగుపడకూడదని మొక్కుకుంటున్నాను. ఇంకొక రెండు మూడు తప్పులు చేసి పెట్టండన్నా.

కోమలవల్లి


నంద్యాల,
2 ఆగస్టు

రంగా,

సురేష్ చెప్పిన కిటుకు అద్దం. నేను కుర్చీలో కూర్చోవాలి, ఇంకొకరు పక్క గోడ వెంట అద్దాన్ని జరుపుతూ పోవాలి. నాకు అందులో స్పీకరు కనపడిన చోట శబ్దం తగులుతుందన్నమాట. మహానందమ్మ పెళ్లినాటి నిలువుటద్దం పట్టుకుని గోడ వెంట నడిచింది. "నలభై ఏండ్లల్లో నన్ను ఇంతసేపు ఎప్పుడన్నా చూసినావా?" అంది. నేను చూస్తున్నది స్పీకరునని చెప్పలేదు. రెండు పక్కలా ఆ చోట్లలో చెరొక జంపఖానా వేశాను. మిగతా గుడ్డంతా కిందికి పోయింది.

తర్వాత వారం రోజులు రెండేసి వేళ్లు జరిపాను. నువ్వు చెప్పినట్టు ఒకే పాట. మంగళవారం పొద్దున పదిగంటలకు స్పీకర్లు మాయమయ్యాయి రంగా. పెట్టెలు కళ్లెదుటే ఉన్నాయి, శబ్దం మాత్రం వాటిలోంచి రావడం లేదు. మనుషులు కూర్చున్న చోటు నుంచి వస్తోంది.

ఇంక దాచలేను. నేను విన్నది పాట కాదు.

తొంభై ఎనిమిదిలో మీ నాయనకు డెబ్బై నిండిన శాంతి నాడు మీ ఇంటి ముందు పందిట్లో గోష్ఠి జరిగింది. కొత్తగా కొన్న టేపు డెక్కు మోసుకొచ్చి, వరుసకొక మైకు పెట్టి రికార్డు చేశాను. గుర్తుందా? ఎడమ వరుసకు నువ్వు ముందు, కుడి వరుసకు మీ నాయన. తర్వాత ఆ క్యాసెట్టు ఎక్కడ పడిందో తెలియలేదు. ఏప్రిల్‌లో ఆ గది సర్దుతుంటే రవికె గుడ్డల అట్టపెట్టెలో దొరికింది. అది దొరికాకే ఈ స్పీకర్లు కొన్నాను. నా పాటల పిచ్చి అబద్ధం. పెట్టడం తెలియనివాడిలా నీకు రాసింది మాత్రం సగమే అబద్ధం, నిజంగానే తెలియదు.

మంగళవారం ఎడమ పక్క నువ్వు కూర్చున్నావు. ముప్పై మూడేళ్ల నువ్వు. నేను చేతులు కట్టుకుని విన్నాను. ఒక్కసారి రా రంగా. నీ కుర్చీ వేసి ఉంచాను.

గురు


ఆళ్లగడ్డ,
9 ఆగస్టు

గురుప్రసాద్‌కు,

నా చెవి కావాలన్నావు, నమ్మాను. ఇంటింటా చప్పట్లు కొట్టుకుంటూ తిరిగాను. నువ్వు నాకు వల పన్నుతున్నావని నా భార్యకు కూడా తెలిసి ఉంటుంది.

చచ్చినవాడి పాట చచ్చినవాడికే వినిపిస్తానంటున్నావు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. నువ్వు కాకివి కావనుకున్నాను.

ఇంక రాయవద్దు.

రంగనాథ్


నంద్యాల,
15 సెప్టెంబరు

రంగా,

రాయవద్దన్నావు. ఐదు వారాలు రాయలేదు. ఇది ఒక్కటి చదివి చింపెయ్.

కోమలవల్లికి ఏమీ తెలియదు. ఆమెను అనవద్దు. తప్పంతా నాది. నీకు ఏం కావాలో అడగకుండా నాకు ఏం కావాలో అది నీకు అంటగట్టాను. కొట్టులో అది నాకు అలవాటు. కొనేవాళ్లకు ఏ రంగు నప్పుతుందో నాకే తెలుసని నలభై ఏళ్లు మొండికేశాను, నువ్వు దానికి తలూపే రకం కాదని మరిచిపోయాను. అడుసు తొక్కడం ఎందుకు, కాలు కడగడం ఎందుకు అంటావు. నిజమే.

ఇంకొక నిజం కూడా రాస్తాను. నీ ఆపరేషన్ తర్వాత నేను ఆసుపత్రికి వచ్చినప్పుడు నువ్వు నోరు కదిలించావు, నాకు ఏమీ వినపడలేదు. అర్థమైనట్టు తల ఊపి వచ్చేశాను. బస్సులో నంద్యాల చేరేదాకా నాకు నేనే అసహ్యమయ్యాను. ఆ రోజు నువ్వేమన్నావో ఇప్పటికీ తెలియదు. క్యాసెట్టు దొరికినప్పుడు నీ గొంతు నాకు తిరిగి దొరికిందనుకున్నాను. నీకు దొరికిందని కాదు, నాకు.

క్యాసెట్టు ఇందులో పెడుతున్నాను. నకలు తీయించుకోలేదు. మీ నాయన నీ సొత్తు. ఉంచుకుంటావో పారేస్తావో నీ ఇష్టం.

గురుప్రసాద్


ఆళ్లగడ్డ,
1 అక్టోబరు

గురూ,

ఆసుపత్రిలో నేనన్నది, "కొట్టు వదిలి ఎందుకొచ్చినావప్పా" అని. నువ్వు తల ఊపడం అంత తప్పేమీ కాదు.

క్యాసెట్టు పదిరోజులు దేవుడి గూట్లో పెట్టాను. కోమలవల్లి రోజూ దాన్ని తుడుస్తూ ఉంది. మొన్న ఆమె పాత టేపు రికార్డరు తీసి పెట్టాను. ఒకటే స్పీకరు, అరచేయంత. రెండు వరుసలు కలిసిపోయి సంతలా ఉంది. ఎవరి గొంతు ఏదో తెలియలేదు. నా గొంతు వినాల్సి వస్తుందని భయపడుతూ కూర్చున్నాను, అది గుంపులో ఎక్కడో ఉంది. మొదట ఊరట కలిగింది.

కాని ఒక సంగతి నన్ను పట్టుకుంది. నాలుగు చోట్ల మా నాయన తొందరపడుతున్నాడు. మా వరుస పాదం ముగిసీ ముగియకముందే అందుకుంటున్నాడు. నువ్వు ఆయన్ను చూశావు. ఇల్లంటుకున్నా తలపాగా చుట్టుకుని గాని బయటికి రాని మనిషి. పారాయణంలో ఆయన తొందరపడగా నేను ఎన్నడూ చూడలేదు. పదహారు సార్లు వెనక్కి తిప్పి విన్నాను. నీ టేపు జారిందా? లేక డెబ్బై ఏళ్లకు ఆయనకు పట్టు తప్పిందా? అదే నిజమైతే నేను తెలుసుకోవాలి, కాకపోయినా తెలుసుకోవాలి.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. క్యాసెట్టు తెస్తాను. నా మెడకు గుడ్డ కట్టి ఉంటుంది, అది చూసి బాధపడవద్దని మహానందమ్మకు చెప్పు. నా కోసం ఎవరినీ పిలవవద్దు.

రంగ


ఆళ్లగడ్డ,
9 అక్టోబరు

గురూ,

ఆదివారం నీ గదిలో పలక చాలలేదు. కొంత రాశాను, కొంత చెరిపేశాను, నువ్వు సగం చదివి ఏడుస్తూ కూర్చున్నావు. కాబట్టి స్థిమితంగా రాస్తున్నాను.

టేపు జారలేదు. నాయనకు పట్టు తప్పలేదు.

నీ స్పీకర్లు వరుసలను విడదీశాయి. ఎడమ పక్క మేము, కుడి పక్క వాళ్లు, మధ్యలో ఖాళీ. నేను భయపడింది నా గొంతుకు. అది వచ్చింది, బాగానే ఉంది, కొంచెం గర్వంగా ఉంది. నన్ను పడగొట్టింది గొంతు కాదు, ఊపిరి. మూడో పాశురంలో పాదానికి ఇంకా నాలుగు అక్షరాలుండగానే నేను గుప్పున ఊపిరి పీలుస్తున్నాను. నా వెనక ఉన్న నలుగురూ నన్ను చూసి పీలుస్తున్నారు. పాదం అక్కడ తెగిపోయింది. ఆ చివరి అక్షరాలు గాలిలో పోయాయి. ఆ తెగిన చోట నాయన తన వరుసతో ముందుగా అందుకుని, వినేవాళ్లకు సందు కనపడకుండా కప్పేస్తున్నాడు. నాలుగుసార్లు తెగింది, నాలుగుసార్లూ కప్పాడు. పందిట్లో వరుస మధ్య కూర్చున్నవాడికి ఇది వినపడదు. నీ కుర్చీలో వినపడింది.

ఆయన తర్వాత ఏడేళ్లు బతికాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే నేను చిన్నబుచ్చుకుని ఉందును. అప్పటి నా గర్వం నీకు తెలుసు. ఊరందరి ముందు నా పరువు కాపాడి, తను తొందరమనిషి అనిపించుకున్నాడు. ఎంత ప్రేమ అది. దానికి ఇరవై ఆరేళ్లు నాకు లెక్క తెలియలేదు.

అసలు కష్టం ఇది. రామానుజానికి, మిగతా ఇద్దరికీ ఆ పాశురాలు నేనే చెప్పాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు నా లాగే అక్కడ ఊపిరి పీలుస్తారు. నేను ఇప్పుడు తలుపు మూసుకుని కూర్చుంటే నా తప్పు వాళ్లతో పాటు గుడిలోకి పోయి, వాళ్ల శిష్యులకు పోతుంది. మా ఇంటి పాఠం అని దాన్నే అంటారు. గొంతు లేదని ఇంట్లో కూర్చోవడానికి నాకు హక్కు ఉందనుకున్నాను. అది పోయింది. పాడి చూపలేను సరే, ఊపిరి ఎక్కడ ఆపాలో చేత్తో చూపగలను. పాడి చూపడానికి నాయన ఉన్నాడు నీ దగ్గర.

శనివారం రామానుజం వస్తే నేనే తలుపు తీస్తాను.

నీకు ఒక పని. ఎడమ స్పీకరు తీగ పీకేసి దాన్ని గది బయట పెట్టు. ఆ చోట ముగ్గురూ కూర్చుంటారు. కుడి పక్క నుంచి నాయన వరుస చెప్తుంది, వీళ్లు నా వరుస చెప్పాలి. ఇరవయ్యో తేదీ నుంచి ప్రతి ఆదివారం వస్తాం. నాలుగు నెలలు అంగుళం అంగుళం జరిపి ఇప్పుడు బయట పెట్టమంటున్నానని తిట్టుకుంటావు. తిట్టుకో.

రంగ


నంద్యాల,
14 అక్టోబరు

రంగా,

తిట్టుకున్నాను. స్పీకరు మెట్ల దగ్గర పెట్టాను. మహానందమ్మ దాని మీద దుప్పటి కప్పింది, తెలియనివాళ్లు చూస్తే మనిషనుకుంటారు.

పన్నెండడుగుల గదిలో ముగ్గురు పిల్లలు, నువ్వు, డెక్కు, కుడి స్పీకరు. నా కుర్చీకి చోటు లేదు. అది కూడా బయటికి పోయింది. నేను మెట్ల మీద కూర్చుంటాను. ఇంత కష్టపడి కట్టుకున్న గదిలో నాకు జాగా లేదని సురేష్ బజారంతా చెప్పి నవ్వుతున్నాడు. నవ్వనీ. నాకు ఇంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

ఆదివారం భోజనాలు ఇక్కడే. అడగడం లేదు, చెప్తున్నాను.

గురు


నంద్యాల,
9 డిసెంబరు

రంగా,

నిన్న సాయంత్రం మిమ్మల్ని బస్సెక్కించి వచ్చినప్పటి నుంచి నీకు రాయాలని ఉంది. నీ ముందు జరిగిందే నీకు రాయడమేమిటంటావు. నువ్వు పిల్లల వైపు తిరిగి ఉన్నావు, మెట్ల మీద నుంచి నేను చూసింది నీకు కనపడలేదు.

ఏడు ఆదివారాలు నాకు నమ్మకం కుదరలేదు. నిజం చెప్తున్నాను. వాళ్లు వేగం అందుకోలేక ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతుంటే, టేపులో మీ నాయన ఎవరి కోసమూ ఆగకుండా తన వంతు చెప్పుకుపోతుంటే, ఇది అయ్యే పని కాదనుకున్నాను. ఆ చోటు రాగానే ముగ్గురి భుజాలూ పైకి లేచేవి, ఊపిరి పీల్చేవాళ్లు. నువ్వు తొడ మీద అరచేత్తో కొట్టి ఆపేవాడివి. రామానుజం ఒక ఆదివారం, "రాలేదు సామీ, చిన్నప్పటి నుంచి అట్లే అలవాటైపాయ" అని తల వంచుకున్నాడు. నువ్వు వాడి చెయ్యి తీసి నీ మెడ దగ్గర, ఊపిరి ఆడే చోట పెట్టుకున్నావు. నీ చేతిని వాడి పొట్ట మీద ఆనించావు. అట్లా ఎంతసేపు కూర్చున్నారో. ఇన్నాళ్లూ గుడ్డ కట్టి దాచుకున్న చోటు అది. నేను తల పక్కకు తిప్పుకున్నాను.

నిన్న మూడో పాశురం వచ్చింది. ముగ్గురి భుజాలూ లేవలేదు. నువ్వు చెయ్యి ఎత్తి గాలిలో అట్లాగే పట్టుకున్నావు. పాదం సాగింది, నేను కూడా ఊపిరి బిగబట్టాను. వాళ్లు చివరి నాలుగు అక్షరాలు చెప్తున్నారు, అప్పుడే కుడి పక్క మీ నాయన అందుకున్నాడు. ఎప్పటి లాగే, సందు కప్పడానికి. కాని నిన్న అక్కడ సందు లేదు. ఆయన మాట, వీళ్ల మాట రెప్పపాటు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇరవై ఆరేళ్లుగా ఆయన కప్పుతున్న చోట కప్పడానికి ఏమీ లేకపోయింది.

పిల్లలు తప్పు చేశామనుకుని ఆగిపోయారు. నీ వీపు కదలడం చూసి నేను ఏడుస్తున్నావనుకుని లేచాను. నువ్వు నవ్వుతున్నావు. శబ్దం లేకుండా, భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నావు. తర్వాత కుడి స్పీకరు వైపు తిరిగి, పెద్దవాళ్లను ఇంక చాలు కూర్చోండి అన్నట్టు, అరచెయ్యి మెల్లగా దించావు.

పలక మీద ఒక్క మాట రాసి రామానుజానికి చూపించావు. మళ్లీ, అని రాసి ఉంది. నేను లోపలికి వచ్చి టేపు వెనక్కి తిప్పాను.

నీ,
గురుప్రసాద్